దావ ముద్ద

వాళ్ళు ముగ్గురూ గేటు తోసుకుని లోపలికి వచ్చే వేళకు నేను వెనక వరండాలో రాగులు వేపుతున్నాను. ముందురోజే మజ్జిగనీళ్ళు చిలకరించి గుడ్డలో మూటకట్టి పెట్టిన రాగులు, కాలిన మూకుట్లో పడగానే చిటపటలాడుతూ తెల్లగా విచ్చుకుంటాయి. చూపు కాస్త పక్కకు తిప్పితే మాడిపోతాయి. అందుకని తల ఎత్తకుండానే, దగ్గును బట్టి, వచ్చింది కృష్ణప్ప అని తెలుసుకున్నాను. కృష్ణప్ప మా ఆయనకు చిన్నాన్న కొడుకు, నాకు మరిది. ఇక్కడ చింతామణిలో మా కులసంఘానికి అధ్యక్షుడు. వెంట ఉన్న ఇద్దరూ కమిటీవాళ్ళు. ఆ ఇద్దరి పెళ్ళిళ్ళలోనూ సంగటి కెలికింది నేనే.

"ఏమొదినా, పొద్దున్నే పొయ్యి ముట్టించినావు?" అన్నాడు కృష్ణప్ప.

"కూచోండప్పా. అంబలి తాగుతారా?"

"అంబలీ వొద్దు, ఏమీ వొద్దు. ఆ ఫోన్లో మాట్లాడినావు చూడు, అది తీసేయించు. గ్రూపులో కొట్లాడుకుంటాండారు. దానికోసరమే వచ్చినాము."

ఫోన్లో మాట్లాడింది ఏమిటో ముందు చెప్పాలి. నా మనవరాలు నిత్య చిక్కబళ్ళాపురంలో నర్సింగు చదువుతోంది. సెలవు దొరికితే బస్సెక్కి నా దగ్గరికి వచ్చి పడుతుంది. అట్లా వచ్చినప్పుడు ఒకసారి తన ఫోనులో ఒక ఊరు చూపించింది. ఎక్కడో దూరదేశం, అక్కడ యుద్ధం. ఊరిపేరు చెప్పింది గానీ నాకు నోరు తిరగలేదు. గోడలు కూలిపోయిన వీధి మధ్యలో ఇటుకల పొయ్యి, దానిమీద మనం ఎడ్లకు కుడితి పెట్టే తొట్టంత పాత్ర, చుట్టూ గిన్నెలు పట్టుకుని నిలబడ్డ పిల్లలు, ముసలివాళ్ళు. తలకు గుడ్డ కట్టుకున్న ఒక ఆడమనిషి పెద్ద కట్టెతో పాత్రలో ఏదో కెలుకుతోంది. నేను ఆమె ముఖం చూడలేదు, మణికట్టు చూశాను. అడుగంటకుండా కట్టెను ఎట్లా తిప్పాలో తెలిసిన చెయ్యి అది. ఆ వంటశాలలో పిండి అయిపోవచ్చిందట. నిత్య వాళ్ళ కాలేజీ పిల్లలు తలా కొంచెం వేసుకుని పంపుతున్నారు. పేరు చెప్పి మింగేసే దొంగ గ్రూపులు కూడా ఉంటాయని, తెలిసినవాళ్ళ దగ్గర విచారించి, నిజమే అని తేల్చుకున్నాకే పంపుతున్నామంది. "అయితే మనం గూడా పిండి పంపుదాము" అన్నాను. "ఇక్కడి పిండి అక్కడికి పోదవ్వా, దావలన్నీ మూసేసినారు" అంది. పోకపోతే ఇక్కడే అమ్మి, వచ్చింది పంపుదామన్నాను. రాగి పేలాల పిండి చేసేది నేను. పొట్లాలు కట్టేది మా వీధి ఆడవాళ్ళు. ఫోనులో చెప్పి అమ్మేది నిత్య.

చెప్పాలంటే ఎవరో ఒకరు మాట్లాడాలి గదా, నన్నే మాట్లాడమంది. నాకు వచ్చింది మాట్లాడాను. "వాళ్ళు యెవురో నాకు తెలీదు, యాడోళ్ళో తెలీదు. వాళ్ళు ఇంకా చెయ్యి కడుక్కోలేదు. కడుక్కున్నాక అడుగుదాము. అంతవరకు మా పిండి కొనండి" అన్నాను. అంతే. అది బాగేపల్లి పోయింది, గౌరిబిదనూరు పోయింది, బెంగుళూరు దాటి ఎక్కడెక్కడికో పోయింది. పిండి అడిగేవాళ్ళు ఫోను కింద పెట్టనివ్వలేదు. వాళ్ళ వెనకాలే తిట్టేవాళ్ళు వచ్చారు. ముసలమ్మకు ఈ మాటలు నేర్పింది ఎవరన్నారు. ఆ యుద్ధంలో ఈమెది ఏ పక్షం అన్నారు. మన ఊళ్ళో ఆకలి లేదా అన్నారు. మా సంఘం గ్రూపులో మగవాళ్ళు రెండు జట్లయి, ఆ దేశం మంచిదా ఈ దేశం మంచిదా అని, తామేదో రేపు పోయి అక్కడ గొర్రు తోలేవాళ్ళలాగా వాదులాడుకున్నారు.

"మన సంఘంలో అన్ని రకాలోళ్ళు ఉండారొదినా," అన్నాడు కృష్ణప్ప. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టే అన్నాడు. "సంఘానికి చందా దుడ్లిచ్చేవోళ్ళు ఒకరిద్దరు ఫోన్ చేసి అడిగినారు, మీ వదిన ఎవరి పక్కని. నేనేం చెప్పేది? నీకెందుకు ఆ రాజకీయం?"

"రాజకీయం గాదప్పా. పిండి."

"సరే, పిండే. వచ్చే ఆదివారం సంఘం సంతర్పణ ఉండాది. అంతలోపల అది తీసేయించు. లేదంటే ఈతూరి సంగటి కట్టె వేరేవోళ్ళకు ఇయ్యాల్సి వస్తాది. నాకేమీ ఇష్టంగాదు, కమిటీ అనుకునింది."

ఆ కట్టె నా వెనకే, గోడమూల నిలబెట్టి ఉంది. చింతచేవతో చేసింది, నా భుజానికి వస్తుంది. సంతర్పణనాడు గంగాళం ముందు ఆ కట్టె పట్టుకుని నిలబడేది నేనే. మా ఆయన చనిపోయిన ఏడాది కూడా నేనే నిలబడ్డాను. పెద్ద చదువులు లేవు నాకు. బడిలో కన్నడ అక్షరాలు, పెళ్ళయ్యాక గోడమీది క్యాలెండరు చూసి తెలుగు అక్షరాలు, అంతవరకే. సభల్లో నన్నెవరూ వేదిక మీదికి పిలవరు. ఏడాదికి ఒక్కరోజు మాత్రం, నేను కట్టె పైకెత్తి "ఇంక రండి" అంటేనే ఊరంతా ఆకుల ముందు కూర్చుంటుంది. ఆ ఒక్కరోజు కోసం నేను ఏడాదంతా బతుకుతానని కృష్ణప్పకు తెలుసు. తెలిసే అడిగాడు. మూకుట్లో రాగులు తిప్పుతూ ఆ కట్టెవైపు చూస్తుంటే, మా అవ్వ కళ్ళలో మెదిలింది.

మా పుట్టిల్లు గూళూరు దగ్గర పల్లె. మట్టిగోడల ఇల్లు, ముందర పొడుగు అరుగు. అరుగుమీద కూర్చుంటే బస్సుదావ కనిపించేది. మా నాయన తల్లి నారాయణమ్మ, నాకు అవ్వ, ఆ ఇంటికి రాజూ మంత్రీ తనే. పొద్దున లేస్తూనే ముక్కుపొడి పీల్చి రెండు తుమ్ములు తుమ్మేది. ఆ తుమ్ములకే ఇంటి కోడళ్ళంతా, అంటే మా అమ్మా చిన్నమ్మలూ, లేచి కూర్చునేవాళ్ళు. తిరగలి చప్పుడు, ఎనుముల గొలుసుల చప్పుడు, చలికాలంలో అనపకాయలు ఒలుస్తుంటే వేళ్ళకు అంటుకునే పచ్చి నూనెవాసన. ఆ వాసన మా చీపురుపుల్లలకు కూడా ఉండేది. అనపగింజలు నానబెట్టి, తోలు పితికి, ఆ పప్పుతో పులుసు చేసే కాలంలో మా ఇంట్లో పిల్లలెవరూ ఆడుకోవడానికి పోకూడదు, అందరూ పితకాల్సిందే. పితికిన పప్పు ఎగిరి ఒకరి కంట్లో పడితే మిగతావాళ్ళం పడీపడీ నవ్వేవాళ్ళం.

సంగటి మాత్రం అవ్వే కెలికేది. ఎసరు మరిగాక పిండిని మధ్యలో గుట్టగా పోసి, కదపకుండా ఉడకనిచ్చి, ఆ తరువాత పాదాలతో కుండను గట్టిగా నొక్కిపట్టి కట్టె తిప్పేది. తడిపిన పలకమీద వేసి, చెయ్యి తడుపుకుంటూ ముద్దలు చుట్టేది. ఇంట్లో ఎంతమందిమి ఉంటే అన్ని ముద్దలు, పైన ఇంకొకటి. ఆ ఒక్కటి దావ ముద్ద. దావన, అంటే దారిన, పోయేవాళ్ళెవరైనా వస్తే వాళ్ళకు. దాన్ని అరుగుపక్క గూట్లో, చిప్ప కింద మూసిపెట్టేది. బస్సు తప్పినవాళ్ళు, గాజులమ్మేవాళ్ళు, గొర్రెలు వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు, ఎవరో ఒకరు తినేవాళ్ళు. ఎవరూ రాకపోతే మర్నాడు పొద్దున అది మజ్జిగలో కలిసి అంబలై మా కడుపుల్లోకే పోయేది. ఎంత కరువున్నా, మా ముద్దలు నిమ్మకాయంత అయినప్పుడు కూడా, దావ ముద్ద తప్పలేదు. అదీ నిమ్మకాయంతే ఉండేది, అంతే.

దానికొక కట్టడి ఉంది. తినేవాళ్ళను చెయ్యి కడుక్కునేదాకా ఏమీ అడగకూడదు. ఊరు అడగకూడదు, పేరు అడగకూడదు, ఎవరివాళ్ళు అని అడగకూడదు. తిని, చెయ్యి కడుక్కున్నాక ఎన్నైనా అడగొచ్చు. అవ్వ నిజంగానే అప్పుడు అడిగేది, తాతముత్తాతల దాకా తవ్వి తీసేది. ఆమెను దేవత అని చెప్పను. ముఖం చూసి, వేషం చూసి, కొందరికి అరుగుమీద కాకుండా మెట్టు కింద పెట్టేది. అడగకపోయినా కన్ను అడిగేసేది. అది తప్పేనని ఇప్పుడు అంటాను, అప్పుడు మాకెవరికీ తోచలేదు. అయినా ముద్ద ముద్దే, చిన్నదయ్యేది కాదు.

నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఒక చలికాలం యుద్ధం వచ్చింది. యుద్ధం మాకు కనబడలేదు, వినబడింది. పల్లెలో ఒక్క రేడియో, పటేలు సుబ్బన్న ఇంట్లో. సుబ్బన్న రేడియో పక్కన కూర్చుని, అది చెప్పినదానికి తాను కొంచెం కలిపి, మళ్ళీ మాకు చెప్పేవాడు. శత్రువులు మనుషుల్ని పంపుతున్నారనీ, బిచ్చగత్తెల వేషంలో కూడా వస్తారనీ చెప్పాడు. ఆ మాటతో మా పల్లెలో గంగిరెద్దులవాడికి కూడా ఆ నెల బియ్యం పుట్టలేదు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం బస్సు దిగి ఒక ఆడమనిషి వచ్చింది. చంకలో ఆడపిల్ల, చేతిలో గుడ్డమూట. మా అరుగు మొదటిది కాబట్టి మా అరుగుమీదే కూలబడింది. ఆమె మాట్లాడింది తెలుగు కాదు, కన్నడం కాదు, తురకం కాదు. అవ్వ ఏమీ అడగలేదు. గూట్లోంచి చిప్ప తీసి, ముద్దమీద పప్పు పులుసు పోసి ముందర పెట్టింది.

ఆమె ముద్దను తుంచి నోట్లో పెట్టుకుని నమిలింది.

సంగటి తినేవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు, తినని వాళ్ళకు చెప్పాలి. సంగటిని నమలరు. తుంచి, పులుసులో అద్ది, మింగుతారు. నమిలితే పళ్ళకు బంకలాగా అంటుకుంటుంది. మా పక్క పసిబిడ్డకు పాలు మాన్పించగానే నేర్పేది మింగడమే. ఆమె నమిలింది. నమిలేకొద్దీ పళ్ళకు అంటుకుంది, వేలితో తీసుకుంది, మళ్ళీ నమిలింది. పిల్లకు కూడా నమిలి పెట్టింది. ఆ సమయానికి నీళ్ళబిందెతో పోతున్న సుబ్బన్న పెళ్ళాం గంగమ్మ ఇది చూసి, బిందె అక్కడే దించి ఇంటికి పరిగెత్తింది.

పిల్ల రెండో తుంట మింగకముందే సుబ్బన్న వచ్చాడు, వెనక నలుగురైదుగురు.

"ఏం నారాయణమ్మక్కా, ఎవురో ఆడది వొచ్చిందంట?"

"కండ్ల ముందర కూచోనుండాది గదా, నన్నడుగుతావేం?"

"యాడిదంట?"

"ఇంకా చెయ్యి కడుక్కోలేదు."

"నీ కట్టడి నీ ఇంట్లో పెట్టుకో. ఇది యుద్ధం. ముద్ద నమిలిందంట గదా! మన సీమ మనిషి ముద్ద నములుతాదా? ఇట్లాంటోళ్ళనే పంపుతాండారని రేడియోలో మొత్తుకుంటాండారు. లెయ్యమ్మా, లెయ్! బాగేపల్లి పోలీసులకు అప్పజెప్పొస్తాము."

ఆమెకు మాటలు అర్థం కాకపోయినా గొంతు అర్థమైంది. పిల్లను గట్టిగా పొదువుకుంది. నోట్లో ముద్ద అట్లాగే ఉండిపోయింది, మింగలేదు, ఉమ్మలేదు. ఆ నోరు ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది.

మా అవ్వ మగవాళ్ళ ఎదుట ఏనాడూ తిన్న మనిషి కాదు. మా తాత ఉన్నన్నాళ్ళూ ఆమె నోట్లో మెతుకు పెట్టుకోవడం ఆయన కూడా చూసి ఉండడు. ఆ అవ్వ ఇంట్లోకి పోయి తన ముద్ద తెచ్చుకుంది. అరుగుమీదికి ఎక్కి, ఆమె పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తలమీద కొంగు సరిచేసుకుంది. ఇంత ముద్ద తుంచి నోట్లో పెట్టుకుని, సుబ్బన్న ముఖంలోకి చూస్తూ, బుగ్గలు ఆడిస్తూ నమిలింది.

"చూడు సుబ్బన్నా, బాగా చూడు. నేను గూడా నములుతాండా. ఇప్పుడు చెప్పు, నాది ఏ దేశం?"

అవ్వకు ఉన్నది నాలుగు పళ్ళు. పిండి వాటికి అంటుకుని నాలుక తిరగడం లేదు, అయినా మానలేదు. మా అమ్మ గడపలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో నాకు తెలియలేదు. మళ్ళీ ఒక తుంట తుంచి అవ్వ అంది, "పట్టిస్తే ఇద్దర్నీ పట్టియ్యి. జీపులో ఎక్కి నేనింతవరకు పోలేదు."

సుబ్బన్నకు నలుగురిలో తల కొట్టేసినట్టయింది. పోతూ పోతూ అన్నాడు, "సరే. పెట్టుకో. నీ చేన్లో కోతకు ఈ పల్లె నుంచి ఒక కొడవలి గూడా రాదు. చూస్తా."

అది మాటకు అన్నది కాదు. మా పక్క కోతలు కూలికి కాదు, బదులుకు. ఈ రోజు మీ చేనికి మేం, రేపు మా చేనికి మీరు. మేమప్పటికే అందరి చేలూ కోసి వచ్చి ఉన్నాము, మాదే మిగిలింది. రాగి కంకులు వేళ్ళు ముడిచి బరువుకు వంగి ఉన్నాయి. తూర్పున మబ్బు కమ్ముకుంటోంది. వాన పడితే చేనంతా పడుకుంటుంది. ఏడాది తిండి అది. మా నాయన ఆ పొద్దు అవ్వతో మొదటిసారి గట్టిగా మాట్లాడాడు. "పంపించేద్దాము అమ్మా, పోలీసులు ఏమీ చెయ్యరు, దారి చూపిస్తారు." అవ్వ ముక్కుపొడి డబ్బా మూత పెడుతూ, "పంపిస్తాము. తిన్నోళ్ళు పోతామంటే పంపిస్తాము. తరిమేదానికి పెట్టిందా నేను?" అంది.

మర్నాటి నుంచి మా ఇంటివాళ్ళమే కోశాము. అవ్వ, అమ్మ, చిన్నమ్మలు, నాయన, పిల్లలం. ఆ కొత్తామె ఎవరూ చెప్పకుండానే కొడవలి తీసుకుంది. మా చేతికంటే వేగంగా కోసేది. వరి కోసిన చెయ్యి అని నాయన పోల్చాడు. ఆమె కూతురి పేరు మీనూ. ఆ ఒక్క పేరే మాకు అర్థమైంది, తల్లిని మీనూవాళ్ళమ్మ అనే పిలిచాము. మీనూ కట్టలమీద కూర్చుని పక్షుల్ని తోలేది. తరువాత బడి మేష్ట్రు వచ్చి హిందీలో అవీ ఇవీ అడిగితే కొంత తేలింది. వాళ్ళ ఊరు కాలిపోయింది. దేశం సరిహద్దు దాటి ఏదో క్యాంపుకు వచ్చారు. భర్త ఈ పక్క రాళ్ళపనికి వచ్చాడని ఎవరో చెప్తే, నమ్మి, ఊర్లు అడుక్కుంటూ వచ్చింది. ఇవన్నీ ఆమె చెయ్యి కడుక్కున్నాక తెలిసిన సంగతులు.

ఒక పొద్దున చేలోకి పోయేసరికి గట్టుమీద గంగమ్మ నిలబడి ఉంది. సుబ్బన్న పెళ్ళాం, ఆ నమలడం చూసి పరిగెత్తిన మనిషే.

"ఏమ్మా గంగమ్మా, ఇట్లొచ్చినావు?" అంది అవ్వ.

"ఉప్పు అయిపోయిందక్కా. ఇంత అడుగుదామని."

"ఉప్పుకు చేన్లోకొచ్చినావా? నడుమున కొడవలి యెందుకే?"

"దావలో పాములుంటాయి గదా" అని, గంగమ్మ ఎవరి ముఖమూ చూడకుండా సాలులోకి దిగి కోయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి పాముల భయం ఉన్న ఆడవాళ్ళు ఇంకొందరు వచ్చారు. మగవాళ్ళు మాత్రం రాలేదు.

చేనంతా గెలిచామని చెప్పడం నాకు ఇష్టమే గానీ అది అబద్ధం. వాన ముందే వచ్చింది. పడమటి చెక్క చేను మొత్తం పడుకుని మొలకెత్తింది. మొలకెత్తిన రాగుల పిండి తియ్యగా, జిగురుగా ఉంటుంది, ఎంత కెలికినా ముద్ద నిలబడదు. ఆ ఏడంతా మా ఇంట్లో సంగటి పలకమీద జారిపోయేది. జారిన ప్రతిసారీ నాయన అవ్వవైపు చూసేవాడు. అవ్వ పట్టించుకోకుండా ఆ జారే దానితోనే దావ ముద్ద కూడా చుట్టి గూట్లో పెట్టేది. మీనూవాళ్ళను తీసుకుపోవడానికి తాలూకా ఆఫీసు నుంచి జీపు వచ్చింది. భర్త దొరకలేదు. క్యాంపులో వెతుకుతామన్నారు. ఆమె అవ్వ కాళ్ళు పట్టుకోబోతే అవ్వ చెయ్యి పట్టుకుని జీపు దాకా నడిపించింది. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆమె ముద్దను నమిలే తినింది. మింగమని అవ్వ చెప్పలేదు, ఎవరినీ చెప్పనివ్వలేదు. తరువాత ఆమె ఏమైందో మాకు తెలియదు. అడగడానికి ఎవరూ లేరు.

ఇప్పుడు గూళూరుకు పోతే ఆ అరుగు లేదు. మా తమ్ముడి కొడుకు ఇల్లు కొత్తగా కట్టి, గేటు పెట్టి, గేటుమీద కెమెరా పెట్టాడు. వచ్చినవాళ్ళను లోపలినుంచే ఎవరని అడగొచ్చు. తలుపు తీయకముందే పేరు, ఊరు, పని అన్నీ తెలిసిపోతాయి. బావిలో నీళ్ళు లేవు, బోరు ఉంది. దావన నడిచేవాళ్ళూ లేరు, అందరికీ బండ్లు. దావ ముద్ద పెట్టాలన్నా తినేవాళ్ళు రారని చాలాకాలం అనుకున్నాను. నిత్య ఫోను చూపించిన రోజు, వాళ్ళు వచ్చి కూర్చున్నారని తెలిసింది. అరుగు మాత్రం ఫోనులో ఉంది. చుట్టూ సుబ్బన్నలూ ఉన్నారు. రేడియో ఒక్కటే ఉన్నప్పుడు ఒక్క సుబ్బన్న, ఇప్పుడు ప్రతి చేతిలో రేడియో. మన ఊళ్ళో ఆకలి లేదా అని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. ఉంది, దానికీ పెడతాను, నువ్వూ ఒక గిన్నె పట్టుకుని రా. దావ ముద్ద చుట్టినందుకు మా ఇంట్లో ఏ పిల్లా పస్తు పడుకోలేదు. అడిగేవాళ్ళలో పొయ్యి ముట్టించినవాళ్ళను నేనింతవరకు చూడలేదు.

రాగులు పేలడం అయిపోయింది. మూకుడు దించి, చేతులు తుడుచుకుని లేచాను. మూలనుంచి కట్టె తీసి కృష్ణప్ప చేతిలో పెట్టాను.

"ఇదేందొదినా?"

"కట్టె సంఘానిది. తీసకపో. వీడియో తీసేయించను."

"మంకుపట్టు పడతాండావు."

"అవునప్పా. మా అవ్వ పట్టు."

కమిటీవాళ్ళలో చిన్నవాడు, "పెద్దమ్మా, ఒక్క వీడియో గదా" అన్నాడు. "ఒక్కటే గదా, ఉండనీ" అన్నాను. మా కొడుకు మురళి అంగడి నుంచి వచ్చి విని, అంగడికి వచ్చేవాళ్ళు ఏమంటారో అని గొణిగాడు. మర్నాడు తనే అంగడి ముందర పేలాల పిండి పొట్లాలు పేర్చి పెట్టాడు. మధ్యలో కొన్నాళ్ళు ఆ దూరపు వంటశాల నుంచి ఏ కబురూ రాలేదు. నిత్య ఫోను తెరవడం, మూయడం. నేను అడగకుండా వేపుతూనే ఉన్నాను. ఒకరోజు మళ్ళీ ఫోటో వచ్చింది. వేరే వీధి, వేరే గోడలు, పాత్ర అదే. కెలికే చెయ్యి మాత్రం ఆమెది కాదు, ఇంకెవరిదో. ఆమె ఎక్కడని అడగమన్నాను నిత్యను. జవాబు రాలేదు ఇంతవరకు.

ఆదివారం సంతర్పణకు పోయాను. రావద్దని ఎవరూ అనలేదు గదా. గంగాళం ముందు మా తోటికోడలి కోడలు నిలబడి కెలుకుతోంది. నేను లేకపోతే ముద్ద నిలబడదని లోలోపల అనుకున్నదాన్ని. నిలబడింది. గట్టిగా, నునుపుగా, నేను చుట్టినట్టే నిలబడింది. ఆ పిల్ల నావైపు దొంగచూపు చూస్తే, బాగుందని తల ఊపాను. ఆ పొద్దు "ఇంక రండి" అన్న గొంతు నాది కాదు. నేను పంక్తిలో అందరి మధ్యలో, ఆకు ముందు కూర్చున్నాను. అట్లా కూర్చుని తినడం నాకు కొత్త.

ముద్ద వడ్డించారు, పితికిన పప్పు పోశారు. నేను తుంచి నోట్లో పెట్టుకుని నమిలాను. నావి కట్టించుకున్న పళ్ళు. పిండి అంటుకుని పైపళ్ళు ఊడి కిందికి వచ్చాయి, నాలుకతో పైకి నెట్టి మళ్ళీ నమిలాను. పక్కనున్న గౌరక్క, నాకంటే పెద్దది, తన చెయ్యి ఆపి చూసింది.

"ఏమ్మా, నములుతాండావు? చిన్నపిల్లవా?"

సంగతి చెప్పాను. మా అవ్వ సంగతి, మీనూవాళ్ళమ్మ సంగతి, తింటూనే చెప్పాను. గౌరక్క విని, "నాకు పళ్ళే లేవు గదమ్మా, నేనెట్ల నమిలేది?" అని, ఒక తుంట నోట్లో వేసుకుని చిగుళ్ళతో ఆడించడం మొదలుపెట్టింది. అటుపక్క ఆడపిల్లలిద్దరు ముఖాలు చూసుకుని నవ్వుతూ నమిలారు. అందరూ నమిలారని చెప్పను. చాలామంది మింగి లేచిపోయారు.

నెయ్యి వడ్డిస్తూ వచ్చాడు కృష్ణప్ప. నా ముందు ఆగాడు. నా బుగ్గలు చూశాడు, గౌరక్క బుగ్గలు చూశాడు. వంగి, ఎవరికీ వినబడకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు.

"ఒదినా, ఒక్కమాట చెప్పు. ఆ యుద్ధంలో అసలు నువ్వు యెవురి పక్క?"

నేను కుడిచెయ్యి ఎత్తి చూపించాను. వేళ్ళనిండా పిండి, పులుసు.

"ఇంకా చెయ్యి కడుక్కోలేదప్పా. నెయ్యి వెయ్యి."